కీబోర్డంటే ఏ కీబోర్డు?

గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక లాడ్జికి బిల్లు పుస్తకాలు ఇవ్వడానికి పోయినప్పుడు జరిగిందిది. గుండు మీద ఇంకా గంధం ఆరని ఒక పెద్దాయన, ఒక చేతిలో లడ్డూల సంచి, ఇంకో చేతిలో గది బీగంచెవి పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చాడు. కౌంటర్లో ఉన్న పిల్లోడు ఫోన్లో మాట్లాడుతూనే, "సామీ, దాన్ని కీబోర్డుకు పెట్టేసి పోండి" అన్నాడు. పెద్దాయన అటూ ఇటూ చూసి, ఇత్తడి బిళ్ళతో సహా ఆ బీగంచెవిని జాగ్రత్తగా కంప్యూటరు కీబోర్డు మీద పెట్టాడు. బిళ్ళ బరువుకు ఏదో మీట అణిగిపోయి, స్క్రీను మీద ఒకే అక్షరం బారులు తీరింది. పిల్లోడు చెప్పింది తన వెనక గోడకు కొట్టిన చెక్కపలక గురించి. వరసగా మేకులు, మేకు పైన గది నంబరు, మేకుకు బీగంచెవి.

ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. తాళంచెవులు తగిలించే పలక అనే అర్థం కూడా ఆ మాటకు ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉంది. ఊరి నిండా లాడ్జీలూ సత్రాలూ ఉన్న తిరుపతిలో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. కార్డుతో తెరుచుకునే తలుపులు వచ్చిన హోటళ్ళలో మాత్రం ఆ పలకలు పోతున్నాయి.

నేను ఇరవై ఏళ్ళకు పైగా డీటీపీ షాపు నడుపుతున్నాను. కీబోర్డు అనే మాట నా చెవిన పడని రోజు లేదు. అది ఒక్కొక్కరి నోట ఒక్కో వస్తువు. అయితే మన వాళ్ళు దాని పక్కన వాడే క్రియను పట్టుకుంటే అర్థం వెంటనే తేలిపోతుంది. "కీబోర్డు వాయిస్తాడు" అంటే సంగీతం. "కీబోర్డు మీద కొడతాడు" అంటే టైపింగు. "కీబోర్డు వేసుకున్నావా?" అంటే ఫోన్లో తెలుగు యాప్ ఎక్కించుకున్నావా అని. "కీబోర్డుకు తగిలించు" అంటే లాడ్జి. "నీకు ఏ కీబోర్డు వచ్చు?" అని డీటీపీ వాళ్ళు అడిగేది వస్తువు గురించే కాదు, అక్షరాల అమరిక గురించి. చిక్కంతా క్రియ జారిపోయినప్పుడే. "మా వాడు కీబోర్డు నేర్చుకుంటున్నాడు" అంటే టైపింగు లోయరు పరీక్షకు కడుతున్నాడో, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో చేరబోతున్నాడో ఎలా తెలుస్తుంది? అందుకే కాబోలు, మా వైపు చాలామంది సంగీతపు కీబోర్డును కంపెనీ ఏదైనా సరే 'కేసియో' అనేస్తారు. టీవీల్లో రాజకీయ చర్చ ముదిరినప్పుడు వినిపించే 'కీబోర్డు వీరులు' వీటిలో ఏ క్రియకూ లొంగరు. అది వేరే కథ.

అసలు 'కీ' దగ్గరే మొదలుపెట్టాలి. ఇంగ్లీషులో దాని మొదటి అర్థం తాళంచెవి. చిత్తూరు వైపు మాట చెప్పాలంటే బీగంచెవి. తెలుగులోకి వచ్చాక అది చాలా చోట్ల సర్దుకుంది. గోడ గడియారానికి కీ ఇస్తాం. పరీక్ష రాసిన సాయంత్రానికే పిల్లలు "కీ వచ్చిందా?" అని అడుగుతారు. కీ ఇచ్చిన బొమ్మలా తిరుగుతున్నాడంటాం. పైగా బహువచనంలో 'కీలు' అనగానే మన సొంత మాట 'కీలు' వచ్చి మీద పడుతుంది: మోచేతి కీలు, కీలుబొమ్మ, కీలెరిగి వాత పెట్టడం. 'కీలకం' ఇంకో దారిలో వచ్చింది. సంస్కృతంలో కీలం అంటే మేకు, చీల. లాడ్జి గోడ మీద కీలు కీలాలకే వేలాడుతున్నాయన్న మాట!

తాళంచెవి సంగీతంలోకి ఎలా పోయింది? లాటిన్‌లో తాళంచెవిని 'క్లావిస్' అంటారు. ఐరోపాలో ఆర్గన్ అనే గాలిగొట్టాల వాద్యం మీటలకూ అదే మాట అతుక్కుంది. క్లావికార్డ్, క్లావియర్ లాంటి వాద్యాల పేర్లన్నీ దాని పిల్లలే. ఆర్గన్లో మీట నొక్కితే గొట్టం కింద గాలికి తలుపు తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. ఆ పని చూస్తే తాళంచెవి పోలిక నాకు సహజంగానే అనిపిస్తుంది. ఇంగ్లీషులో కీనీ బోర్డునూ కలిపి ఒక్క మాటగా వాడటం 19వ శతాబ్దం మొదట్లో, పియానో, ఆర్గన్ల గురించి మొదలైంది. టైపు మిషన్లకూ మిగతా యంత్రాలకూ తర్వాత పాకింది. అంటే ఇవాళ మనం కంప్యూటరు ముందు కూర్చుని అనే మాట, పుట్టుకతో సంగీతం వాళ్ళది.

తెలుగులో కీకి 'మీట' అనే మంచి మాట ఉంది. వీణ తీగను 'మీటుతాం' కాబట్టి మీట అనగానే నా చెవికి సంగీతం వినిపిస్తుంది. పియానోకు ముందు ఐరోపాలో బాగా ఆడిన హార్ప్సికార్డ్ అనే వాద్యంలో మీట నొక్కితే లోపల చిన్న ముల్లు లేచి తీగను నిజంగానే మీటుతుంది. అందులో ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెద్దగా మారదు. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లారెన్సులో బార్తొలొమియో క్రిస్టోఫోరి ఆ ముల్లు తీసేసి చిన్న సుత్తి పెట్టాడు. అది తీగను మీటదు, కొడుతుంది. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా. మెల్లనిదీ గట్టిదీ అని అర్థం వచ్చే ఇటాలియన్ పేరే కురచబడి పియానో అయింది. ఇప్పటి పియానోకు 88 మీటలు, 52 తెల్లవి, 36 నల్లవి. మీటడం నుంచి కొట్టడానికి మారడమే దాన్ని అంత పెద్ద వాద్యం చేసింది.

ఆ తర్వాత కొట్టడం ఒక్కటే మిగిలిన యంత్రం వచ్చింది. అమెరికాలోని మిల్వాకీలో క్రిస్టఫర్ షోల్స్, ఇంకో ఇద్దరు కలిసి 1868లో టైపు మిషనుకు పేటెంటు తీసుకున్నారు. వాళ్ళ తొలి నమూనాలో మీటలు పియానో మీటల్లాగే ఉండేవి. 1874లో రెమింగ్టన్ కంపెనీ ఆ మిషన్ను అమ్మకానికి తెచ్చింది. 1878లో వచ్చిన రెండో మోడల్లో షిఫ్ట్ మీట చేరింది. ఆ షిఫ్ట్ ఉత్త పేరు కాదు. పెద్దక్షరం కావాలంటే లోపలి భాగం నిజంగానే ఒక మెట్టు జరిగేది. ఎంటరు మీటను కొన్ని కీబోర్డుల మీద రిటర్న్ అని రాయడం కూడా, కాగితాన్ని పట్టుకుని జరిగే క్యారేజీని చేత్తో వెనక్కి తోసిన రోజుల గుర్తే. పై వరసలో క్యు, డబ్ల్యు, ఇ, ఆర్, టి, వై అని అక్షరాలు అలా ఎందుకు పెట్టారన్నదానికి, లోపలి కడ్డీలు ఒకదానికొకటి చిక్కుకోకుండా ఉండాలనే కారణం అందరూ చెబుతారు. 2011లో క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇద్దరు దానికి అడ్డు చెప్పారు: టెలిగ్రాఫు వాళ్ళు మోర్స్ సంకేతాలు వింటూ రాసుకునే అవసరాన్ని బట్టి ఆ అమరిక మెల్లగా కుదురుకుందని వాళ్ళ వాదన. 1936లో అమెరికాలో డ్వొరాక్ ఇంకో అమరికకు పేటెంటు తీసుకున్నాడు. వాడుకలో పాతదే నిలిచింది. వేళ్ళకు ఒకసారి అలవాటైంది అంత సులువుగా పోదు.

నా వేళ్ళకు ఆ అలవాటు చిత్తూరులో కోర్టు వైపున్న ఒక టైపు ఇన్‌స్టిట్యూట్లో పడింది. తెల్లవారి ఆరు గంటల బ్యాచి. ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమీకోలన్ ఎల్ కె జె హెచ్ జె. ఆ వరస వారం రోజులు అదే పనిగా కొట్టించేవారు. ఇంగ్లీషు అయ్యాక తెలుగు మిషను. మన వత్తులకూ గుణింతాలకూ ఆ మిషన్లో వేరే ఏర్పాటు ఉండేది: కొన్ని మీటలు కొడితే గుర్తు పడుతుంది గానీ క్యారేజీ కదలదు, తర్వాతి అక్షరం వచ్చి దానితో కలుస్తుంది. చిటికెన వేలితో కొట్టినది లేతగా, చూపుడు వేలితో కొట్టినది నల్లగా పడేది. కాగితం వెనక చెయ్యి రాస్తే ఎవరు టైపు చేశారో కూడా చెప్పగలిగేవారు మా మాస్టారు. ఇప్పటి కంప్యూటరు కీబోర్డుకు కోపం తెలియదు. ఎంత బాదినా అక్షరం అంతే.

సంగీతపు కీబోర్డుకు మాత్రం తెలుస్తుంది. మా అమ్మాయి నేర్చుకుంటున్న కీబోర్డు, మీట ఎంత వేగంగా దిగిందో కూడా కొలుస్తుంది. తను క్లాసులో చేరిన మొదటి రోజు టీచరమ్మ అడిగిన ప్రశ్న నాకు కొత్తగా ఉండింది: "పాడితే నీ శ్రుతి ఎంతమ్మా?" మా అమ్మాయి "ఐదున్నర" అంది. శ్రుతికి అరలేమిటని ఇంటికొచ్చాక కూర్చుని లెక్కపెట్టించుకున్నాను. హార్మోనియం మీద గానీ కీబోర్డు మీద గానీ సి అనే తెల్లమీటను 1 అనుకోవాలి. దాని పక్క తెల్లది 2, ఆ పక్కది 3, అలా 7 దాకా. మధ్యలో వచ్చే నల్లమీట అర. 1కీ 2కీ నడుమ నల్లది ఒకటిన్నర. 5కీ 6కీ నడుమది ఐదున్నర. మూడున్నర శ్రుతి అని ఎవరూ అనరు, ఎందుకంటే 3కీ 4కీ మధ్య నల్లమీటే లేదు! ఈ శ్రుతినే తమిళం వాళ్ళు కట్టై అంటారు. మన గాయకులు తమ గొంతు స్థాయిని చెప్పుకునే లెక్క మొత్తం ఒక పరదేశీ మీటలపలక నుంచి వచ్చింది. పాడేది త్యాగరాజ కీర్తన, కొలిచేది తెల్లమీటలూ నల్లమీటలూ.

ఆ పలక మన దగ్గర కుదురుకోవడం గొడవ లేకుండా జరగలేదు. హార్మోనియానికి 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబాన్ పేటెంటు పొందాడు. అది కాళ్ళతో తొక్కే రకం. మన దేశానికి వచ్చాక, ఒక చేత్తో గాలి కొడుతూ ఇంకో చేత్తో వాయిస్తూ నేల మీద కూర్చునేలా దాన్ని మార్చుకున్నారు. పద్యనాటకానికి అది ప్రాణమైంది. చిత్తూరు జిల్లాలో ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం జరిగే రోజుల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తాయి. మైకు పెట్టగానే ముందు వినిపించే శ్రుతి చాలా ఊళ్ళలో హార్మోనియానిదే. కానీ ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971 దాకా అది సడలలేదు. వాళ్ళ అభ్యంతరం తీసిపారేయాల్సింది కాదు. కర్ణాటక సంగీతంలో స్వరస్థానాలు 12, వాటికి పేర్లు 16, మీటలపలకలోనూ స్థాయికి 12 మీటలే. లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. స్వరాన్ని ఊపి పలికించే గమకం మాత్రం మీట మీద ఉండదు, మీటకూ మీటకూ మధ్య ఉంటుంది. తోడి రాగంలో గాంధారాన్ని ఊపకుండా నిలబెట్టి నొక్కితే అది తోడి కాదు. ఇప్పటి కీబోర్డులకు ఎడమ పక్కన ఒక చిన్న చక్రం ఉంటుంది. కుడిచేత్తో మీట నొక్కిపట్టి ఎడమచేత్తో ఆ చక్రాన్ని తిప్పితే స్వరం ఊగుతుంది. దాంతో గమకాలు పలికించే కర్ణాటక విద్వాంసులు ఇప్పుడు ఉన్నారు. చాలా సాధన కావాలి, కానీ దారి అయితే దొరికింది.

మా అమ్మాయి కీబోర్డులో నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసింది ఇంకో మీట, ట్రాన్స్‌పోజ్. దాన్ని నాలుగు మెట్లు కిందికి పెడితే, సి మీట నొక్కినప్పుడు ఐదున్నర శ్రుతి మోగుతుంది. వేళ్ళు పడేది పాత చోటే, వచ్చేది వేరే స్వరం. ఇది ఎలా జరుగుతుందో తెలుసుకున్న రోజు నా షాపులో ఎన్నో ఏళ్ళుగా తెగని చిక్కు కూడా తెగింది.

మీటలో స్వరం లేదు. అక్షరమూ లేదు. ఉన్నది ఒక అంకె. 1983లో వాద్యాల కంపెనీలు కలిసి మిడి అనే ఒప్పందానికి వచ్చాయి. దాని ప్రకారం నడిమి సి మీట నంబరు 60. మీట నొక్కగానే కీబోర్డు "60 నొక్కారు, ఇంత వేగంతో" అని మాత్రమే చెబుతుంది. దాన్ని పియానోగా మోగించాలా, ఫ్లూటుగా మోగించాలా, నాలుగు తీసేసి 56గా మోగించాలా అన్నది లోపలి యంత్రం ఇష్టం. కంప్యూటరు కీబోర్డు కూడా ఇంతే. యూఎస్‌బీ కీబోర్డులో ఇంగ్లీషు 'ఏ' (A) అక్షరమున్న మీట నంబరు 4, బి 5, అలా వరసగా పోతే ఎల్ మీట నంబరు 15. నేను ఎల్ నొక్కినప్పుడు తీగలోంచి పోయేది ఎల్ కాదు, 15. కంప్యూటరు లోపల ఇంగ్లీషు అమరిక ఉంటే ఆ 15 చిన్న ఎల్ అవుతుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అమరిక ఉంటే 'త' అవుతుంది. చిన్న ఎల్‌కు కంప్యూటరు దాచుకునే సంఖ్య 108. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో 'త' సంఖ్య 3108. ఈ రెండూ ఇలా కలవడం యాదృచ్ఛికమే, కానీ తిరుపతి వాడిని, 108 కనిపిస్తే నాకు సంతోషం.

ఇది తెలియక నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. షాపు పెట్టిన కొత్తలో, మీటల మీద తెలుగు అక్షరాలు అచ్చు వేసిన కీబోర్డులు చెన్నైలో ఒక కొట్లో చూసి నాలుగు తెచ్చాను. మామూలు వాటికన్నా ధర ఎక్కువే పెట్టాను. తగిలించి 'క' ఉన్న మీట కొడితే ఇంగ్లీషు కె పడింది. నాలుగూ అంతే. ఫోను చేసి అడిగితే అమ్మినతను "కీబోర్డులో ఏ లోపమూ లేదు సార్" అన్నాడు. నేను మోసపోయాననే అనుకున్నాను. అతను చెప్పింది నిజం. అచ్చు వేసిన అక్షరం మీట మీది బొట్టులాంటిది, దానివల్ల ఏ పనీ జరగదు. తెలుగు వచ్చేది లోపల ఎంచుకున్న అమరిక వల్ల. కాబట్టి ఇప్పుడు మా షాపుకు వచ్చి "తెలుగు కీబోర్డు ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగినవాళ్ళందరికీ ఒకటే చెబుతాను: మీ ఇంట్లో ఉన్నదే తెలుగు కీబోర్డు, కొనాల్సింది ఏమీ లేదు.

అయితే ఏ తెలుగు అమరిక? ఇక్కడే అసలు తలనొప్పి. డీటీపీ షాపుల్లో చాలాకాలం 'అను' అనే పేరున్న ఫాంట్లదే రాజ్యం. అందులో ఆపిల్, మాడ్యులర్ అంటూ వేర్వేరు అమరికలు. పాకాల నుంచి ఒకమ్మాయి ఉద్యోగానికి వచ్చింది. "ఆపిల్ వచ్చు సార్, స్పీడుగా కొడతాను" అంది. మా షాపులో మేమంతా మాడ్యులర్. కూర్చోబెట్టి ఒక పెళ్ళి పత్రిక ఇచ్చాను. 'శ్రీరస్తు' దగ్గరే ఆ పిల్ల చేతులు ఆగిపోయాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదే పలక, అవే మీటలు, రెండేళ్ళు కష్టపడి నేర్చుకున్నది మాత్రం అక్కడ లేదు. "నీకు టైపింగు రాదని కాదమ్మా, నీ కీబోర్డు ఇక్కడ లేదు, అంతే" అన్నాను. మర్నాడు ఆమె కూర్చునే కంప్యూటర్లో అమరిక మార్చాను. నాలుగేళ్ళు మా దగ్గర పని చేసింది.

అను లాంటి పాత ఫాంట్లతో ఇంకో చిక్కు ఉంది. అందులో 'తిరుపతి' అని కొడితే మనకు తిరుపతి కనిపిస్తుంది గానీ, లోపల దాచుకునేవి ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ ఉండే సంఖ్యలే. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థం లేని గీతలు వస్తాయి. గూగుల్లో వెతికితే దొరకదు. యూనికోడ్ వచ్చాక ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతం గుర్తుకూ దాని సొంత సంఖ్య వచ్చింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో పాటు తెలుగు నేరుగా అందింది. అచ్చు పనికి పాత ఫాంట్ల అందం కావాలని పట్టుబట్టేవాళ్ళు ఇప్పటికీ వస్తారు, వాళ్ళ మాటలో న్యాయం ఉంది. కానీ దాచుకునే రాత, వెతుక్కునే రాత యూనికోడ్‌లోనే ఉండాలి. ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను.

నాకు ఇష్టమైన అమరిక ఇన్‌స్క్రిప్ట్. కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో దాన్ని ప్రామాణికంగా తెచ్చింది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ప్రమాణంలో చేరింది. హల్లులు కుడిచేతి వైపు, అచ్చులూ గుణింతాలూ ఎడమచేతి వైపు. కుడిచెయ్యి హల్లు కొడితే ఎడమచెయ్యి దానికి గుణింతం ఇస్తుంది, నడకలాగ ఒకటి తర్వాత ఒకటి. కె మీద క, షిఫ్ట్ పట్టుకుంటే ఖ. ఎల్ మీద త, షిఫ్ట్‌తో థ. అల్పప్రాణం కింద, మహాప్రాణం పైన. పలక మీద దిద్దించిన వరుసే వేళ్ళ కిందికి వచ్చినట్టు ఉంటుంది.

'తిరుపతి' కొట్టి చూడండి. ఎల్, ఎఫ్, జె, జి, హెచ్, ఎల్, ఎఫ్. ఏడు దెబ్బలు. త, ఇత్వం, ర, కొమ్ము, ప, త, ఇత్వం. ఏడుకు ఏడూ వేళ్ళు ఆనించి కూర్చునే నడిమి వరసలోనే ఉన్నాయి. చెయ్యి పైకి పోదు, కిందికి దిగదు. ఎఫ్, జె మీటల మీద చూపుడు వేళ్ళకు తగిలే చిన్న గీతలు ఉంటాయి కదా, చూడకుండా చోటు పట్టడానికి, మన ఊరి పేరు వాటి చుట్టూనే తిరుగుతుంది. 'చిత్తూరు'కు ఎనిమిది దెబ్బలు. దీర్ఘపు కొమ్ము కోసం ఒక్కసారి మాత్రం చూపుడు వేలు పై వరసలోని టి దాకా పోయి వస్తుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడినప్పుడు నెల రోజులు లెటరుహెడ్లూ రసీదు పుస్తకాలూ తిరగరాయడమే మాకు పని. చిత్తూరు జిల్లా తీసి తిరుపతి జిల్లా, రోజంతా అదే. పుట్టి పెరిగిన జిల్లా పేరు చెరుపుతుంటే మనసుకు కొంచెం కష్టంగా ఉండింది. వేళ్ళకు మాత్రం ఒక దెబ్బ తగ్గింది.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి దీనికి పూర్తిగా వేరే. 2006లో వచ్చిన లేఖిని అనే వెబ్‌సైటు చాలామందికి మొదటిసారి కంప్యూటర్లో తెలుగు రాయించింది. ఆ మేలు మరువరానిది. ఇప్పుడు ఫోన్లలో ఎక్కువగా నడిచేది ఊహించే పద్ధతి. పి, ఏ, డి, యు అని కొడితే పడు, పాడు రెండూ చూపించి ఏది కావాలో ఎంచుకోమంటుంది. కొత్తవాళ్ళకు సులువు. కానీ ళ, ణ, షల దగ్గర మెల్లగా అది ఇచ్చిందే మనం ఒప్పుకోవడం మొదలవుతుంది. మా షాపుకు ఫోన్లో వచ్చే మ్యాటర్లలో 'కల్యాణ మండపం' ఎన్ని రకాలుగా ఉంటుందో చూస్తే నాకు బాధేస్తుంది. పిల్లలకు బడిలో ఒక్క నెల ఇన్‌స్క్రిప్ట్ నేర్పితే చాలు. గుణింతం నేర్చిన పిల్లకు అందులో కొత్తగా చెప్పాల్సింది చాలా తక్కువ.

ఫోన్ల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ఫోన్లో కీబోర్డు అంటే వస్తువు కాదు, ఒక యాప్. మీరు కొట్టే ప్రతి అక్షరమూ దాని చేతుల మీదుగానే పోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో కొత్త కీబోర్డు యాప్ ఎక్కించుకున్నప్పుడు, మీరు రాసేదంతా, పాస్‌వర్డులూ కార్డు నంబర్లతో సహా, ఇది సేకరించగలదని ఒక హెచ్చరిక వస్తుంది. దాన్ని చదవకుండా సరే నొక్కకండి. రంగురంగుల బొమ్మల కోసం ఊరూ పేరూ లేని కీబోర్డు వేసుకుని, దాని మీదే బ్యాంకు పిన్ కొట్టే పిల్లల్ని చూస్తే నాకు నిజంగా టెన్షన్.

మొన్న ఆ లాడ్జి పిల్లోడు షాపుకు వచ్చాడు. గోడ మీది పలకకు ఒక చీటీ అంటించాలంట. "అన్నా, కీబోర్డు అని వెయ్యొద్దు, మళ్ళీ ఎవరైనా కంప్యూటరు మీద పెడతారు. రూము కీ ఇక్కడ తగిలించండి అని వెయ్యి. తమిళం, కన్నడం, హిందీ కూడా కావాలి, సామి దర్శనానికి అందరూ వస్తారు కదా" అన్నాడు. వాక్యాలు నాలుగు భాషల్లో కాగితం మీద ఎవరి చేతో రాయించుకుని వచ్చాడు. నాకు హిందీ అంతంత మాత్రం. పని ఆగలేదు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఈ నాలుగు లిపుల్లో దేనికైనా క ఉండేది కె మీదే, ఈత్వం ఉండేది ఆర్ మీదే. కె, ఆర్ కొట్టాను, తెలుగులో 'కీ' పడింది. విండోస్ మీటా స్పేస్ బారూ కలిపి నొక్కి కన్నడానికి మారి మళ్ళీ కె, ఆర్ కొట్టాను. తమిళానికి మారి కె, ఆర్. హిందీకి మారి కె, ఆర్. నాలుగు లిపుల్లో నాలుగు 'కీ'లు స్క్రీను మీద ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయి. పిల్లోడు స్క్రీను వదిలేసి నా వేళ్ళ కేసి చూస్తూ, "ఇంకోసారి కొట్టు అన్నా" అన్నాడు.